అంగట్లోకి వచ్చే ఎండ

మొన్న ఒక సాయంత్రం మా మనవరాలు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి, "జేజీ, ఒప్పజెప్తా, చూసుకో" అంది. ఋతువులు ఎందుకు ఏర్పడతాయి అన్నది ప్రశ్న. పిల్ల కళ్లు మూసుకొని, భూమి అక్షం వంగి ఉండటం, సూర్యుని చుట్టూ తిరగడం, కిరణాలు ఒకప్పుడు నిటారుగా, ఒకప్పుడు ఏటవాలుగా పడటం, అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒక్క గుక్కలో చెప్పేసింది. పుస్తకం మూసి ఇచ్చేయాల్సింది. కానీ నేను అంగట్లో పుట్టి పెరిగినదాన్ని. సరుకును పైపైన చూసి సంచిలో వేసుకోవడం చేతకాదు, అడుగున చెయ్యి పెట్టి చూడాలి. నంద్యాల మార్కెట్లో నేను వస్తుంటే టమోటాల తట్ట అవతలికి జరుపుకునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

"అంతా బాగుంది గానీ, చలికాలంలో మనం సూర్యునికి దగ్గరుంటామా, దూరముంటామా?" అని అడిగాను.

"దూరమే గదా జేజీ. అందుకే గదా చలి" అంది, ఈమాత్రం కూడా తెలీదా అన్నట్టు.

నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ జవాబు నాది. ఆ వయసులో, అదే ధీమాతో నేను చెప్పిన జవాబు. దాన్ని నాలోంచి పీకడానికి ఒక టీచరమ్మ పడిన పాట్లు గుర్తొచ్చాయి. ఆ వెంటనే బెల్లం వాసన. బెల్లం వెనకాలే నాయన దగ్గు.

ఆళ్లగడ్డ బజారులో మా అంగడి దక్షిణం ముఖం. ముందర తాటాకు తడికెతో చిన్న చూరు, కింద నాపబండల నేల. అడుగు పెడితే ముందు ఎండుమిరపకాయల ఘాటు, ఆ తర్వాత కిరసనాయిలు, ఆ తర్వాత గోనెపట్టల వాసన, అన్నిటి అడుగున బెల్లం. మా ఇంట్లో అందరి బట్టలకూ అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల నన్ను "బెల్లంముద్దా" అనేది. నేను దాని దగ్గర బలపం ముక్క తీసుకొని, ఆ మాటను క్షమించేదాన్ని. ఊరికే క్షమించడం మా వంశంలో లేదు.

నాయనకు ఉబ్బసం. వానాకాలం పోయి చలి దిగిందంటే పడుకోలేడు. బొరుగుల మూటకు వీపు ఆనించి కూర్చొని, ఒక్కొక్క ఊపిరిని లోపలి నుంచి తోడుకునేవాడు. అమ్మ మిరియాలు, శొంఠి నూరి కషాయం కాచేది. మా జేజి, అంటే నాయన తల్లి, పక్కన కూర్చొని అతని ఛాతీకి వెచ్చని ఆముదం రాసేది. ఆ సంవత్సరం దసరా తర్వాత దగ్గు మరీ ముదిరితే నంద్యాలకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడట. బయటికి వచ్చాక అమ్మతో, "ఈ చలికాలం దాటిస్తే భయం లేదమ్మా" అన్నాడట.

ఆ మాట మా ఇంటికి వచ్చి తిష్ట వేసుకుంది. పొయ్యి దగ్గర అదే మాట, అంగట్లో అదే మాట. సరుకులకు వచ్చిన వాళ్లంతా నాయనను చూసి, "ఏం గాదులేన్నా, చలి పోతే తిప్పుకుంటావు" అనేవాళ్లు. జేజి వేళ్లు మడిచేది. "సంకరాత్రికి సంకలెత్తనీదు. శివరాత్రికి శివశివా అని పోతాది చలి. అంతదాంక కాస్కోవాల నాయనా." నాయన దగ్గు మధ్యలో నవ్వేవాడు. "శివరాత్రిని కొంచెం ముందరికి జరపమని అడుగమ్మా మీ పంతుల్ని."

అడగాల్సింది పంతుల్ని కాదు, కాలాల సంగతి చెప్పే మా టీచరమ్మనని నాకు తోచింది. ఆమె క్రైస్తవులామె. నంద్యాల పక్క పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం. రోజూ పొద్దున నంద్యాల నుంచి ఎర్రబస్సులో వచ్చేది, సాయంత్రం అదే బస్సులో పోయేది. తెల్ల చీర, చేతిలో నల్ల గొడుగు. బస్సు వచ్చేలోపల మా అంగట్లో పప్పో చింతపండో కొనేది. బేరమాడేది కాదు. అందువల్ల నాకు ఆమె మీద కొంచెం జాలి ఉండేది.

కాలాల పాఠం చెప్పే రోజున ఆమె మా అంగడి నుంచి రెండు గోనెపట్టలు, ఒక లాంతరు, ఒక టెంకాయ తెప్పించింది. టెంకాయ నేనే నాయనను అడిగాను. నాయన నాలుగైదు తీసి, వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టి ఊపి, నీళ్లు బాగా ఉన్నది ఏరి ఇచ్చాడు. "భూమి అంటాండారు గదా, ముదురుదే ఉండాల" అన్నాడు.

కిటికీలకు గోనెపట్టలు కట్టి, చీకటి చేసి, నడుమ లాంతరు పెట్టింది టీచరమ్మ. లాంతరు సూర్యుడు. టెంకాయ భూమి. టెంకాయను కొంచెం వంచి పట్టుకొని, పిలక నంద్యాల దిక్కుకు పెట్టి, లాంతరు చుట్టూ నడిచి చూపించింది. నంద్యాల మాకు ఉత్తరం. "యాడికి పోయినా పిలక నంద్యాల దిక్కే ఉండాల. ఇప్పుడు ఒక్కొక్కరే రాండి."

ఒక్కొక్కరం పోయాం. ఒక్కరికీ రాలేదు. ఎందుకంటే మాకు టెంకాయ పట్టుకొని చుట్టూ తిరగడమంటే ఒకటే తెలుసు. రెండు చేతుల్లో పట్టుకొని, పిలక దేవుని దిక్కుకు పెట్టి, మనం ఎటు తిరిగితే టెంకాయా అటే తిరగాలి. అలాగే తిరిగాం. ఒకడు చెప్పులు కూడా విడిచాడు. ఇంకొకడు చుట్టు పూర్తి కాగానే లాంతరుకు దండం పెట్టాడు.

టీచరమ్మ నెత్తి పట్టుకుంది. "ఒరేయ్, ఇది గుడి గాదురా! మీరిట్ల తిరిగితే పిలకకు ఎప్పుడూ ఎండే. ఇంగ చలికాలం యాడ నుంచి వస్తాదిరా?"

ఆ మాట నా చెవిలో పడింది. పిలకను సూర్యుని దిక్కుకే తిప్పి పెడితే చలికాలమే ఉండదు. మరి అట్లే తిప్పొచ్చు గదా? చెయ్యెత్తాను.

"టీచరమ్మా, ఈ వంపు అంతా ఎందుకు? పొయ్యికి దగ్గరుంటే సెగ, దూరముంటే చలి. సూర్యుడు దగ్గరికొస్తే ఎండాకాలం. అంతే గదా?"

"కాదు మే. సంకరాత్రికి ముందర, చలి బాగా ఉండే దినాల్లోనే మనం సూర్యునికి దగ్గరగా ఉంటాం. ఎండాకాలం దాటినంకనే దూరం."

తరగతంతా నోరు తెరిచింది. నేను ఒప్పుకోలేదు. ఆమె మళ్లీ టెంకాయ తిప్పింది. పిలక లాంతరుకు ఎదురుగా ఒరిగినప్పుడు మన వైపు వెలుతురు నేరుగా పడుతుందని, అవతలికి ఒరిగినప్పుడు ఏటవాలుగా జారుతుందని చూపింది. నేను కాసేపు లెక్క చూసుకొని, "సరే టీచరమ్మా, సగం వంపు, సగం దగ్గర. రెండూ పెట్టుకుందాం" అన్నాను.

ఆమె లాంతరు పక్కనే కూలబడి నవ్వింది. "ఇది అంగడి గాదు మే, నడిమికి తెగ్గొట్టేదానికి!"

తక్కిన పిల్లలంతా "అర్థమైంది టీచర్" అని ఒక్క గొంతుతో అన్నారు. వాళ్లకు బడి వదిలేస్తే చాలు. ఆ సాయంత్రం అంగడికి వచ్చి టీచరమ్మ నాయనతో చెప్పింది. "నీ బిడ్డ పాఠానికి గూడా బేరం పెడతాండాది అన్నా." నాయన దగ్గు ఆపుకొని, "మంచిదే టీచరమ్మా. బేరమాడకుండా బాగుంది బాగుంది అనేటోళ్లు చూసిపొయ్యేటోళ్లు. బేరమాడేటోళ్లే కొనేటోళ్లు" అన్నాడు. ఆమె ఆ మాటను చింతపండుతో పాటు పొట్లం కట్టించుకున్నట్టు తల ఊపుతూ పోయింది. టెంకాయ మాత్రం వెనక్కి తెచ్చిచ్చింది. పాఠంలో వాడినది దేవునికి పనికిరాదని జేజి తేల్చింది. మర్నాడు భూగోళాన్ని పచ్చడి నూరుకొని జొన్నరొట్టెలో తిన్నాం.

మార్గశిరంలో నాయనను అంగట్లోనే కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. లోపలి గది చీకటి, నేల మంచులా ఉండేది. అంగట్లోకైతే మధ్యాహ్నం ఎండ వచ్చేది. చలికాలంలోనే వచ్చేది, ఎండాకాలంలో మా అంగట్లోకి ఎండ రాదు. అది మాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. అందుకే కార్తీకం రాగానే బెల్లం దిమ్మెలను లోపలికి జరిపి, ఉగాదికి మళ్లీ ముందరికి తెచ్చేవాళ్లం. ఎందుకని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం ఆ ఎండ చాపంత వెడల్పున నాపబండల మీద పరుచుకునేది. నాయన దాంట్లో పీట వేసుకొని, దుప్పటి కప్పుకొని, ముఖం పైకెత్తి కూర్చునేవాడు. ఆ గంటసేపు ఊపిరి సాఫీగా ఆడేది. చెనక్కాయలు ఒలిచి పప్పు నా చేతిలో పెట్టేవాడు. ఎవరైనా ధర తగ్గించమంటే, కళ్లు తెరవకుండానే "నీ యవ్వ, ఆ ధరకు నాకే దొరకదప్పా" అనేవాడు. ఆ మాట వింటే మాకు ప్రాణం లేచివచ్చేది.

ఎండ ఎంతవరకు వస్తుందో చూడాలని తాంబూలం డబ్బాలోంచి సున్నం తీసి, బండ మీద ఒక గీత పెట్టాను. సంక్రాంతి దాటాక చూస్తే ఎండ గీతదాకా రావడం లేదు. ఇంకో గీత పెట్టాను. కొన్నాళ్లకు దాన్నీ వదిలింది. ఎండ వెనక్కి నడుస్తోంది. మా అంగట్లోంచి కొంచెం కొంచెంగా గడప వైపు పోతోంది.

నాకు అర్థమైంది, అనుకున్నాను. సూర్యుడు దూరం పోతున్నాడు. గడప దాటి ఎండ పోయిన రోజు నాయనా పోతాడు.

ఎవరికీ చెప్పలేదు. రోజూ నాయన పీటను ఎండ వెంబడి కొంచెం ముందుకు జరిపేదాన్ని. అదీ చాలదని ఒక రోజు చూరెక్కి ముందరి తడికెను లాగేశాను. ఎండ ధారాళంగా వచ్చి పడింది. నాయన మీదా పడింది, లోపలున్న బెల్లం మీదా పడింది. సాయంత్రానికి బెల్లం కారి బండల మీద కాలువ కట్టింది. చీమలు ఊరంతా చాటింపు వేసుకొని వచ్చాయి. జేజి నా వీపు మీద రెండు వేసి, "అంగడి నెత్తిన గుడ్డ ఊడబీకుతావే, నీకేం పొయ్యేకాలమొచ్చె!" అంది. ఎందుకు చేశానో చెప్పలేదు.

ఇక మహానంది ఈశ్వరుని దగ్గరికి పోయాను, మనసులోనే. నాయనను నిలబెడితే టెంకాయ కొడతానని చెప్పాను. మొదట ఒకటే అన్నాను. నాయన నేర్పిన విద్యే అది. ముందే పై ధర చెప్పకూడదు, ఎదుటివాడు పలకకపోతే కొంచెం పెంచాలి. ఈశ్వరుడు పలకలేదు. రెండన్నాను. మర్నాటికి దగ్గు కాస్త నెమ్మదించింది. రెండుకే ఒప్పుకున్నాడని సంబరపడి అక్కడితో ఆపేశాను. మంచి బేరమే కుదిరిందనుకున్నాను.

ఒక సాయంత్రం టీచరమ్మ పప్పు కట్టించుకుంటూ కిందికి చూసింది. "ఏందీ ఈ గీతలు?"

నాయన లోపల కషాయం తాగుతున్నాడు. నేను గొంతు తగ్గించి అంతా చెప్పాను. ఎండ వెనక్కి పోతోందని, సూర్యుడు పోతున్నాడని, గడప దాటితే ఏమవుతుందో కూడా. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆమె పప్పు పొట్లం గల్లా మీద పెట్టేసి, అమ్మకానికి వేలాడదీసిన లాంతర్లలో ఒకటి దించి వెలిగించింది. బస్సు హారన్ వినబడుతున్నా పట్టించుకోలేదు. నన్ను వెనక సరుకుల గది వాకిలి దగ్గరికి తీసుకుపోయింది. లోపలంతా చీకటి.

లాంతరును మోకాలి ఎత్తున పట్టుకొని, "వెలుతురు యాడిదాంక పొయ్యింది?" అంది.

"అవతలి గోడదాంక."

లాంతరును నెమ్మదిగా పైకెత్తింది. వెలుతురు గోడ వదిలింది, మూటలు వదిలింది, నేల మీదికి దిగి, మా కాళ్ల దగ్గరికి వచ్చేసింది. వాకిలి పైకమ్మి కన్నా ఎత్తుకు లేపేసరికి గడప దగ్గర ఒక చారగా మిగిలింది.

"లాంతరు దూరం పొయ్యిందా?"

"ల్యా. పైకి పొయ్యింది."

"అంతే మే. వెనక్కి పోతాండేది వెలుతురు, సూర్యుడు గాదు. ఆయన దినదినానికీ పైకెక్కుతాండాడు. పైకెక్కేకొద్దీ చలి పోతాది." అని, సరుకు కొలిచే పడి నిండా బొరుగులు తీసి చిన్న తట్టలో పోసింది. గుట్టగా నిలబడ్డాయి. అవే బొరుగులు చాప మీద పరిచింది. పలచగా అయిపోయాయి. "అదే పడి. ఎంత జాగాలో పరిచినామన్నదే. వాలుగా పడే ఎండ ఈ చాప. నెత్తిన నిలబడే ఎండ ఆ తట్ట. నీ గీతలు చెరపొద్దు. ఎండ గడప దాటిందంటే నువ్వు సంతోషపడాల."

సున్నం గీతలన్నీ ఒక్కసారిగా తిరగబడ్డట్టయింది. ఇన్నాళ్లూ దేన్ని చూసి ఏడ్చానో అదే చలి పోతున్న గుర్తు.

"అయితే మా నాయనకు బాగయితాదా టీచరమ్మా?"

ఆమె చాప మీది బొరుగులు తట్టలోకి ఎత్తింది. "చలి పోతాది. అదైతే నేను చెప్పగలను. ఆ మాట మాత్రం నా పాఠంలో ల్యా మే."

ఆ రోజు ఆమె బస్సు తప్పిపోయింది. మా ఇంట్లోనే ఆ బొరుగులతో చేసిన ఉగ్గాని తిని, తర్వాత బస్సుకు పోయింది.

శివరాత్రికి ఎండ గడప దాటింది. జేజి చెప్పినట్టే చలి శివశివా అని పోయింది. నాయన గడ్డం గీయించుకొని, తెల్లచొక్కా వేసుకొని గల్లా దగ్గర కూర్చున్నాడు. మహానందికి పోయివచ్చే బండ్లు బజారులో ఆగితే, వాళ్లతో గొంతెత్తి బేరమాడాడు. అమ్మ లోపల నిలబడి ఆ అరుపులు వింటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా రెండు టెంకాయలు మహానందికి పోయే ఒకరి చేతికిచ్చి పంపాను. బడిలో చెయ్యెత్తి, "టీచరమ్మా, వంపే. దగ్గర గాదు" అన్నాను. "సగం గూడా వద్దా?" అంది ఆమె. తరగతంతా నవ్వింది.

ఎండాకాలం సెలవులిచ్చేటప్పుడు ఆమె చెప్పింది. "సెలవుల్లో ఒక మధ్యాన్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తినొస్తాడు. ఆ పొద్దు మీ నీడ మీ పాదాల కిందికి దూరిపోతాది. చూడండి."

వైశాఖంలో ఆ మధ్యాహ్నం వచ్చింది. నేను వీధిలో, కాలే మట్టిలో నిలబడి చుట్టూ చూసుకున్నాను. ముందర లేదు, వెనక లేదు. నీడ నిజంగానే పాదాల కిందికి దూరింది. నాయనకు చూపించాలని, "నాయనా, నీడ ల్యా! బయటికి రా!" అని అరుస్తూ లోపలికి పరిగెత్తాను.

నాయన బొరుగుల మూటకు వీపు ఆనించి కూర్చొని ఉన్నాడు. చెయ్యి చెనక్కాయల తట్టలోనే ఉంది. ఊపిరి చప్పుడు లేదు. ఇన్నేళ్లలో ఆ అంగడి అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను.

చలికాలం దాటించాం. ఎండలు నెత్తిన నిలబడిన రోజు పోయాడు.

వచ్చిన వాళ్లంతా తలొక కారణం చెప్పారు. వడదెబ్బ అన్నారు ఒకరు. దిష్టి అన్నారు ఒకరు. చూరు తడికె లాగిన ఇంట్లో మంచి జరగదని ఒకామె నన్ను చూస్తూనే అంది. నాకు వాళ్ల కారణాలేవీ అక్కర్లేదు. నా దగ్గర నాది ఉంది.

కబురు ఎట్లా తెలిసిందో, సెలవుల్లోనే టీచరమ్మ నంద్యాల నుంచి బస్సులో వచ్చింది. అమ్మ పక్కన కాసేపు కూర్చొని, నన్ను వెతుక్కుంటూ సరుకుల గదికి వచ్చింది. నేను బెల్లం దిమ్మెల వెనక ఉన్నాను.

"టీచరమ్మా, నేను ఈశ్వరునితో బేరమాడినాను" అన్నాను. "రెండు టెంకాయలకు తెగ్గొట్టినా. ఐదన్నింటే బతికుండేవాడు గదా? మాయింట్లోనే గంపెడు టెంకాయలు. పదకొండన్నా ఇయ్యొచ్చు గదా?"

వేరే ఎవరైనా అయితే "అట్లా అనకూడదమ్మా" అని దగ్గరికి తీసుకొని ఊరుకునేవాళ్లు. ఆమె అట్లా వదలలేదు. చీర మాసిపోతుందని కూడా చూడకుండా నా ముందర నేల మీద కూర్చుంది. తరగతిలో టెంకాయ పట్టుకున్నప్పుడు ఉన్న ముఖమే.

"మీ నాయన ఎందుకు పొయినాడో నాకు తెలీదు మే. ఆ డాక్టరుకూ సరిగ్గా తెలీదు, తెలిసింటే చలి పేరు చెప్పి ఊరుకునేవాడు గాదు. తెలీనిదానికి నేను కారణం చెప్పను. కానీ ఏది కారణం గాదో చెప్తా. నీ టెంకాయలు కారణం గాదు."

"కొంచెం గూడా?"

"కొంచెం గూడా గాదు. సగం గూడా గాదు. దీంట్లో నీతో బేరం ల్యా."

అప్పుడు ఏడుపు వచ్చింది. ఆమె నేను ఆపేదాకా అక్కడే కూర్చుంది. పోయేటప్పుడు బజారుకు అడ్డంగా నడుస్తుంటే ఆమె గొడుగు నీడ కూడా ఆమె కాళ్ల చుట్టే ఉంది.

తర్వాతి ఏడు ఆమెకు బనగానపల్లె వైపు బదిలీ అయిందన్నారు. మళ్లీ చూడలేదు. కొన్నాళ్లు అమ్మ, ఆ తర్వాత నేను గల్లా దగ్గర కూర్చున్నాం. పెళ్లయి నంద్యాలకు వచ్చాను. అంగడి చేతులు మారింది. టీచరమ్మ చెప్పినవి రెండు. సూర్యుని సంగతి ఒక ఏడాదిలో బుర్రకెక్కింది. రెండోది ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పటికీ ఎక్కడైనా టెంకాయ కొడుతుంటే నా చెయ్యి ఇంకోదాని కోసం తడుముకుంటుంది.

పోయిన మార్గశిరంలో ఒక పెళ్లికి ఆళ్లగడ్డ పోయాను. మా అంగడి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. నాపబండల మీద తెల్లటి టైల్స్ పరిచారు. బెల్లం వాసన లేదు, ఏ వాసనా లేదు. కానీ మధ్యాహ్నమైంది, అంగడి ముఖం ఇంకా దక్షిణానికే ఉంది. ఎండ వచ్చి సరిగ్గా అదే చోట, చాపంత వెడల్పున పడి ఉంది. నేను పోయి దాంట్లో నిలబడ్డాను.

"ఏం గావాల పెద్దమ్మా?" అన్నాడు గల్లా దగ్గరున్న అబ్బాయి.

ఏమీ అక్కర్లేదు. ఊరికే నిలబడితే ఏమనుకుంటాడో అని ఒక ఫోను కవరు చూపించమన్నాను. అతనొక ధర చెప్పాడు, నేను సగానికి అడిగాను. అతను నవ్వి కొంచెం దిగాడు, నేను రంగు బాగాలేదన్నాను. ఇంకోటి తీశాడు, కుట్టు ఊడేట్టుందన్నాను. అతను విసుక్కోకుండా మరింత దిగాడు. నాకు భయం వేసింది, ధర కుదిరితే ఆ ఎండలోంచి కదలాల్సిందే. ఎండ పాదాల మీద, మోకాళ్ల మీద వెచ్చగా ఉంది. "ఇంకా చూపించప్పా" అన్నాను. బేరం తెగకూడదని మొక్కుకుంటూ బేరమాడింది నా బతుకులో ఆ ఒక్కసారే.